సంతోష శాసనం

ప్రపంచంలో నానారకాల చట్టాలున్నాయి. దొంగతనం చేయరాదని ఒక చట్టం, బండి ఎడమవైపు నడపమని ఒక చట్టం, యేడాది తిరిగేసరికి పన్ను కట్టమని ఒక చట్టం. యివన్నీ మనకు తెలిసినవే. తెలిసి వాటితో మనం చేసేదీ తెలిసిందే. కాని పండగనాడు సంతోషంగా వుండి తీరవలెనని చెప్పే చట్టం ఒకటి వున్నదంటే మా స్టాఫురూములో యెవరూ నమ్మలేదు.

వున్నది. యూదుల ధర్మశాస్త్రంలో, తెలుగు బైబిలువారు ద్వితీయోపదేశకాండమని పేరు పెట్టిన భాగంలో, 16వ అధ్యాయంలో వున్నది. వారాల పండగకూ, ఆ తర్వాత వచ్చే పర్ణశాలల పండగకూ సంతోషించమని ఆజ్ఞ. సలహా కాదు సుమండీ, ఆజ్ఞే.

మా జనగామ కాలేజీలో లెక్కలు చెప్పే మిత్రుడు వెంటనే అడ్డం వచ్చాడు. "అదెట్ల కుదురుతది సారూ? కట్టుమంటే కడతరు, కొట్టుమంటే కొడతరు. సంతోషపడుమంటే యెట్ల పడతరు? పడ్డట్టు రుజువేంది?"

ప్రశ్న సబబైనదే. యూదు పండితులకు, రబ్బీలంటారు వారిని, యిటువంటి ప్రశ్న ఒకటి దొరికితే చాలు, బెల్లం గడ్డ దొరికినట్టే. వందల యేళ్ళపాటు వాళ్ళు చేసిన వాదాలన్నీ కలిసి తాల్ముదు అనే మహాగ్రంథమయింది. మన మల్లినాథసూరి అయితే శ్లోకానికి అర్థం చెప్పి పక్కకు తప్పుకుంటాడు. తాల్ముదులో అలా కాదు. ఒకాయన అర్థం చెబుతాడు, రెండో ఆయన కాదంటాడు, మూడో ఆయన యిద్దరినీ పట్టించుకోకుండా కథ మొదలుపెడతాడు. నాకు ఆ మూడో ఆయనంటే ప్రీతి. నేను చదివేది యింగ్లీషు అనువాదాలలో. అంచేత యిక్కడ నేను చేసే విపరీత వ్యాఖ్యానాలు నావే, రబ్బీల నెత్తిన రుద్దకండి.

అందులో రబ్బా అనే గురువుగారి ముచ్చట ఒకటున్నది. పాఠం మొదలుపెట్టే ముందు ఆయన ఒక హాస్యపు మాట అనేవాడట. శిష్యులు నవ్వేవారట. ఆ తర్వాత ఆయన భయభక్తులతో కూర్చుని పాఠంలోకి దిగేవాడట. యింతే రాశారు. ఆ హాస్యమేమిటో మాత్రం ఒక్కటీ రాసిపెట్టలేదు! యిరవై యేళ్ళుగా పాఠాలు చెబుతున్నవాడిని, నాకు యిది మింగుడు పడలేదు. నా శిష్యులు యెప్పుడైనా బజారులో కనిపిస్తే నేను క్లాసులో చెప్పిన హాస్యాలన్నీ అప్పజెపుతారు, పాఠమే గుర్తుండదు. రబ్బా శిష్యులకు పాఠం గుర్తున్నది, హాస్యం గుర్తులేదు. యిద్దరిలో యెవరు మంచి గురువో పాఠకులే తేల్చండి, నేను కక్షిదారుని.

రుజువు అడిగిన లెక్కల మిత్రుడికి నేను చెప్పింది మరొక కథ. బేలెఫత్ అనే వూరి అంగట్లో బెరోకా అనే రబ్బీ తిరుగుతుండేవాడు. ఆయనకు ఏలియా ప్రవక్త అప్పుడప్పుడూ దర్శనమిచ్చేవాడు. "యీ అంగట్లో పరలోకానికి పోయే యోగ్యుడు ఒక్కడైనా వున్నాడా?" అని అడిగితే ప్రవక్త అటూ యిటూ చూసి, లేడన్నాడట. జనగామ అంగట్లో వారంరోజు నిలబడి చూసినవారెవరికీ యీ జవాబు ఆశ్చర్యం కలిగించదు. కాసేపటికి యిద్దరు అన్నదమ్ములు అటు వచ్చారు. "వీళ్ళు పోతారు" అన్నాడు ప్రవక్త. రబ్బీ పరుగెత్తుకుపోయి, "బాబూ, మీరు చేసే పని యేమిటి?" అని అడిగాడు. యేమీ లేదు, వాళ్ళు నవ్వించేవాళ్ళు. దిగులుగా వున్నవాడు కనిపిస్తే నవ్విస్తారు. కొట్లాడుకునే యిద్దరు కనిపిస్తే నడుమ దూరి రాజీ చేస్తారు. అంతే. వాళ్ళ పేర్లు కూడా గ్రంథంలో లేవు.

"అట్లయితే మన కాలేజీల నుంచి పోయేది అటెండరు ఒక్కడే సారూ" అన్నాడు మిత్రుడు. మేం పదకొండుమందిమి గదిలో వున్నాం. యెవరూ కాదనలేదు.

యింతకూ ఆజ్ఞ సంగతి. సంతోషించవలసినవాళ్ళ పట్టీ కూడా శాస్త్రమే యిచ్చింది: నువ్వు, నీ కొడుకు, నీ కూతురు, నీ యింటి దాసుడు, దాసి, గుడి సేవచేసే లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, భర్తపోయిన స్త్రీ. యిది నేను యింట్లో పైకి చదువుతుంటే కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తిపీట ఆపింది.

"ఇగో, పనిమనిషికి సుత సంతోషం రాసిండ్రు. మరి పెండ్లాం యేది?"

నిజమే, లేదు. మళ్ళీ చదివినా లేదు. అదృష్టవశాత్తూ యిది రబ్బీలకు కూడా తట్టింది. అబయే అనే ఆయన చెప్పిన పరిష్కారం యేమిటంటే, భార్యను సంతోషపెట్టవలసిన పూచీ భర్తది. వేరే పేరు రాయనక్కరలేదు, "నువ్వు" అన్నప్పుడే ఆ బరువు నీ భుజాన పడింది. యెట్లా సంతోషపెట్టవలె? అదీ చెప్పారు. బట్టలతో. బాబిలోనియా దేశమైతే రంగుబట్టలు, ఇజ్రాయిలు దేశమైతే ఇస్త్రీ చేసిన నారబట్టలు. పద్దెనిమిది వందల యేళ్ళకు అటూ యిటూగా పుట్టిన మహాపండితులు గడ్డాలు నిమురుకుంటూ యే వూరి ఆడవాళ్ళకు యే బట్ట ఇష్టమో చర్చించారంటే ఆ మతం మీద నాకు గౌరవం పెరిగింది.

ఆ తర్వాత కొన్ని శతాబ్దాలకు మైమోనిడీస్ వచ్చాడు. స్పెయినులో కొర్దోబా పట్నంలో పుట్టి, ఈజిప్టులో వైద్యం చేసుకుంటూ, ధర్మశాస్త్రమంతా ఒక వరసలో పేర్చి, 1204లో కన్నుమూసిన మేధావి. ఆయన యీ సంతోషానికి పట్టిక రాశాడు. పిల్లలకు వేయించిన గింజలు, కాయపప్పులు, మిఠాయిలు. ఆడవాళ్ళకు బట్టలు, నగలు, యెవరి శక్తి కొద్దీ వారు. మగవాళ్ళకు మాంసమూ ద్రాక్షసారాయమూ. యీ చివరి భాగానికి మన తెలంగాణలో వ్యాఖ్యానం అక్కరలేదు. మూలగ్రంథం చదవకుండానే ప్రతి దసరాకూ ఆచరిస్తున్నాం. మా ఆవిడకు చదివి వినిపించేటప్పుడు "శక్తి కొద్దీ" అన్న మాటను నేను కొంచెం గట్టిగా చదివాను. ఆమె దానికి ముందున్న మాటను మళ్ళీ చదవమన్నది.

అయితే యీ వైద్యుడుగారు మాంసం వడ్డించి, మనం ముద్ద కలిపేలోగా విస్తరి లాగేస్తాడు. యింటి ముంగిలి తలుపులు గడియవేసుకుని, తనూ తన పెళ్ళాం బిడ్డలూ తిని తాగి, బీదవాళ్ళకూ మనసు చేదైనవాళ్ళకూ పెట్టనివాడిది పండగ సంతోషం కాదంటాడు. దాన్ని ఆయన కడుపు సంతోషం అన్నాడు. అంటే రుజువు దొరికిందన్నమాట! లెక్కల మిత్రుడు అడిగిన రుజువు మొహంలో వెతకనక్కరలేదు, తలుపు దగ్గర వెతకవలె. గడియ పడిందా, లేదా?

మైమోనిడీస్ కంటే ముందే, పదకొండో శతాబ్దంలో, ఫ్రాన్సులో రాషీ అనే వ్యాఖ్యాత వుండేవాడు. ద్రాక్షతోటల నడుమ బతికినవాడు గనుక కాబోలు, బేరం తెలిసినవాడు. ఆయన ఆ పట్టీని రెండు నాలుగులుగా విడగొట్టాడు. కొడుకు, కూతురు, దాసుడు, దాసి: యీ నలుగురూ నీవాళ్ళు. లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, భర్తపోయిన స్త్రీ: ఆ నలుగురూ దేవుడివాళ్ళు. నావాళ్ళను నువ్వు సంతోషపెడితే నీవాళ్ళను నేను సంతోషపెడతానని దేవుడి ఒప్పందం. పాత వ్యాఖ్యానాలలో వున్న మాటే ఆయన యెత్తి చూపించాడు. పత్తి యార్డులో చేతిమీద తువ్వాల కప్పి చేసే బేరం కంటే సూటిగా వున్నది. నలుగురికి నలుగురు. తూకంలో తరుగు లేదు, కమీషను లేదు.

యీ ఆజ్ఞ నడిమధ్యలో శాస్త్రం ఒక మాట గుర్తుచేస్తుంది: ఐగుప్తులో నువ్వూ దాసుడిగా వున్నవాడివే. పండగపూట యీ ప్రస్తావన యెందుకని యెవరికైనా అనిపించవచ్చు. జనగామవాళ్ళకు అనిపించదు. మా యిలాకాలో దొర గడీలో పెళ్ళయితే వూరంతా వెట్టి. కుమ్మరి కుండలు, చాకలి చాకిరి, గొల్ల గొర్రెలు, మాదిగ చెప్పులు, అన్నీ ఉచితం. దొర సంతోషానికి వూరు మోత మోసింది. పాలకుర్తిలో ఐలమ్మ తన పంట తనదేనని విసునూరు దేశ్‌ముఖ్‌కు యెదురు నిలిచింది యిక్కడే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య దొర మనుషుల తుపాకికి నేలకొరిగింది యిక్కడే. గడీ సంతోషాన్ని మైమోనిడీస్ చూసి వుంటే యే పేరు పెట్టేవాడో చెప్పనక్కరలేదు.

దొరలు పోయారు. డప్పు వున్నది. పెళ్ళికి డప్పు లేనిదే మనకు సందడి లేదు. కాని డప్పు మోగించేవాడు యెన్నో తరాలపాటు పందిరి బయటనే నిలబడ్డాడు. అందరూ తిన్నాక మిగిలింది వుంటే తిన్నాడు. సంతోషం తయారుచేసేవాడికి సంతోషంలో వాటా లేదు.

యిది రాస్తుంటే నాకు కొత్తరెడ్డిపాలెం జ్ఞాపకం వస్తున్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి వూరది. అక్కడ కొన్ని తెలుగు కుటుంబాలవారు తమది ఎఫ్రాయిము వంశమని, తాము యూదులమని చెప్పుకుంటారు. ఎఫ్రాయిము అంటే యోసేపు రెండో కొడుకు. చరిత్రలో జాడ తెలియకుండా చెదిరిపోయిన గోత్రాలలో అతనిదీ ఒకటి. వీళ్ళు మాదిగలు, అంతకుముందు క్రైస్తవులు. యాకోబి యింటిపేరుగల అన్నదమ్ములిద్దరి పూనికతో 1990ల మొదట్లో అక్కడ యూదుల ప్రార్థనామందిరం వెలసింది. వీళ్ళ మీద యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు 2013లో యింగ్లీషులో ఒక పుస్తకమే వెలువరించారు. వంశవృక్షం సంగతి చరిత్రకారులు తేల్చుకోనీండి. నాలాంటి తెలుగు పంతులుకు కుతూహలం కలిగించేది వేరు. డప్పుకు తోలు కట్టిన కులంలో పుట్టినవాళ్ళు, యీ గ్రంథాన్ని తమదిగా చేసుకుని, చదువుతూ చదువుతూ పదహారో అధ్యాయానికి వస్తారు గదా. ఆ పట్టీ మనకు ఒకవైపునుంచే కనిపిస్తుంది. యెవరిని పిలవవలెనో చెప్పేదిగా. వాళ్ళకు రెండువైపులనుంచీ కనిపిస్తుంది.

మన పుస్తకాలలో యిటువంటిది లేదా అంటారా? లేకేం! పాల్కురికి సోమనాథుడు మా జనగామ జిల్లా పాలకుర్తివాడు. ఆయన బసవపురాణంలో మాదర చెన్నయ కథ వున్నది. చోళరాజు యెన్నో పిండివంటలతో నైవేద్యం పెడితే శివుడు ముట్టలేదు. కారణం, చెన్నయ యింట్లో అంబలి తాగి కడుపు నిండిపోయింది! యూదుల దేవుడు తనవాళ్ళను నీ విందుకు పిలవమన్నాడు. సోమనాథుడి శివుడు అంత ఆగలేదు, తనే లేచి వాళ్ళ యింటికి భోజనానికి పోయాడు. యీ కథను నేను యేటా పాఠం చెబుతాను. పరీక్షలో "సోమనాథుని కవితా శిల్పము" అని ప్రశ్న వస్తుంది, అంబలి సంగతి యెవరూ అడగరు.

మళ్ళీ గడియ దగ్గరికి వద్దాం. పర్ణశాలల పండగకు యూదులు యేడు రోజులపాటు ఆకులు కొమ్మలు కప్పిన పందిట్లో గడపవలె. ప్రార్థనలలో ఆ పండగకు సంతోషకాలమని పేరు. ఈజిప్టు నుంచి బయలుదేరాక అడవిలో గుడారాలలో వున్నందుకు గుర్తని శాస్త్రం. నా వ్యాఖ్యానం వేరే వున్నది. సంతోషపండగను పందిట్లోకి యెందుకు మార్చారంటే, పందిరికి గడియ వుండదు! నవ్వకండి. నా దగ్గర సాక్ష్యం వున్నది.

మా తమ్ముడు భూపాలపల్లి సింగరేణి గనిలో వుద్యోగి. 2016లో పాత వరంగల్లు జిల్లాను ముక్కలు చేసినప్పుడు మేడారం భూపాలపల్లి జిల్లాలోకి వచ్చింది. 2019లో ములుగు జిల్లా యేర్పడి అటు పోయింది. జిల్లా మారినా మా తమ్ముడు మారలేదు, రెండేళ్ళకోసారి మాఘ పున్నమికి మమ్మల్నందర్నీ బండి కట్టినట్టే లాక్కుపోతాడు. క్వార్టర్లో వున్నప్పుడు వాడు పక్కింటివాళ్ళ పేరు అడిగితే తల గోక్కుంటాడు. రెండు తలుపులు, రెండు తాళాలు, ఒకడిది మొదటి షిఫ్టు, ఒకడిది మూడోది. మేడారంలో నాలుగు కొమ్మలు పాతి, పైన టార్పాలిను కప్పి కూర్చున్నామో లేదో, యెడమపక్క గుడారంనుంచి కూర గిన్నె వచ్చింది, కుడిపక్క గుడారానికి మా బెల్లం ముక్క పోయింది. ఆ తల్లులకు మొక్కిన బెల్లాన్ని బంగారమంటారని తెలుసుగదా. బంగారాన్ని అంత ధారాళంగా పంచడం మా తమ్ముడి వంశంలో అదే మొదలు. కుడిపక్కవాళ్ళు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గోండులు. భాష రాదు. శాస్త్రం ప్రకారం పరదేశి. పట్టీలో ఒకటి కొట్టేశాను.

భర్తపోయిన స్త్రీ పేరు మాత్రం కొట్టేయడం అంత సులువు కాలేదు.

మొన్న వైశాఖంలో మానుకోటలో మా చెల్లెలి కూతురి పెళ్ళి. అందరూ యిప్పుడు మహబూబాబాద్ అంటున్నారు, నాకు మానుకోటే అలవాటు. మా వెంట మా మేనత్త వచ్చింది. ఆమె పందొమ్మిదో యేట పుట్టింటికి తిరిగి వచ్చేసిన మనిషి. మా అమ్మ బడిలో పాఠాలు చెప్పుకుంటుంటే నన్నూ చెల్లెలినీ సాకింది ఆమె. ఆ పెళ్ళికూతురిని కూడా తొమ్మిదో నెలదాకా ఒళ్ళో పెట్టుకుని పెంచింది. పెళ్ళిలో సకినాల లెక్క, అరిసెల లెక్క, బియ్యం బస్తాల తాళంచెవి అన్నీ ఆమె కొంగుకే వున్నాయి. ముత్తయిదువలను పిలిచే వేళకు మాత్రం ఆమె కనిపించదు. యెవరూ పొమ్మనలేదు. పొమ్మననవసరం లేకుండా పోయే విద్య ఆమెకు యాభై యేళ్ళ కిందటే నేర్పించేశాం.

నేను చెల్లెలిని పక్కకు పిలిచి రాషీ లెక్క చెప్పాను. అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నేను పిలువనంటనా అన్నా? నాకు తల్లి లెక్క ఆమె. వియ్యపురాలు ఏమంటదోనని నా బుగులు."

సరే, వియ్యపురాలి దగ్గరికే పోయాను. అధ్యాపకుడిని గదా, ఐగుప్తునుంచి మొదలుపెట్టాను. ఆవిడ ఓపికగా అంతా విన్నది. నేను ఫ్రాన్సుకు చేరేసరికి చెయ్యి అడ్డంపెట్టి, "మా అత్త సుత గదే గదిల కూసున్నది అన్నయ్యగారూ. ఇద్దర్ని పిలుస్త తీయండ్రి" అన్నది.

తీరా పిలిస్తే మా అత్తమ్మే రానన్నది. "వద్దు అల్లుడా. పోరి నిండు నూరేండ్లు బతకాలె. నాకే బుగులైతంది." పెళ్ళికూతురు పీటలమీదినుంచి లేస్తానని కబురంపితే గాని కదలలేదు. వచ్చి కూడా పసుపు ముట్టలేదు. యెంత చెప్పినా ముట్టలేదు. వియ్యపురాలి అత్తగారి పక్కన, రెండో వరసలో, కుర్చీ అంచుమీద కూర్చున్నది. బయట డప్పులవాళ్ళు యీసారి మగపెళ్ళివారి పంక్తిలోనే భోంచేశారు. అది మా బావ యేర్పాటు, నా వ్యాఖ్యానం దాకా రాలేదు. అక్షింతలు వేయమన్నప్పుడు ముసలమ్మలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, కలిసి లేచి, వేసి వచ్చారు.

సాయంత్రం కాస్త తీరిక దొరికాక అత్తమ్మ నన్ను పిలిచి, "నువ్వేందో పట్టీ అంటివట గద, అల్లుడా. అండ్ల నేనెన్నోదాన్ని?" అని అడిగింది.

"దేవుడి నలుగురిలో నాలుగోదానివి అత్తమ్మా. లేవీయుడు, పరదేశి, తండ్రిలేని బిడ్డ, తర్వాత నువ్వు."

"గాడ సుత ఎనుకనేనా!" అని, పళ్ళెంలో మిగిలిన నాలుగు అక్షింతలు తీసి నా నెత్తిమీద కొట్టింది.